నోటి జబ్బులకు మందులిచ్చిన మన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ పంటి నొప్పితో గడిపిన రాత్రి ఒకటైనా గుర్తుంటుంది. అందరూ పడుకున్నాకనే ఆ నొప్పి మొదలవుతుంది. పక్కన పడుకున్న తమ్ముడు లేచి వంటగది నుంచి లవంగం తెచ్చి ఇస్తాడు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం. తెల్లవారి మందుల షాపుకు పోయి పన్ను గుంజుతున్నదని చెప్పి రెండు రకాల గోలీలు కొనుక్కుంటాం. నొప్పి తగ్గితే మరిచిపోతాం. ఆ గోలీ ఎక్కడి నుంచి వచ్చిందో, దాని వెనుక ఎవరి కష్టం ఉందో మేము కూడా హాస్టల్లో ఉన్నన్ని రోజులు ఏనాడూ అడగలేదు.

పీజీకి వచ్చాక పుస్తకాలు తిరగేస్తుంటే ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాం. చిగుళ్ళ జబ్బుకు వాడే ఒక మందుల కుటుంబం, నోటి పూతకు ఇచ్చే విటమిన్, నోటి క్యాన్సర్‌కు ఇచ్చే ఒక మందు, ఈ మూడింటి మూలం దగ్గర ఒకే మనిషి పేరు కనిపించింది. ఆయన దంత వైద్యుడు కాదు. భీమవరంలో పుట్టి, మెట్రిక్‌లో రెండుసార్లు తప్పిన తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మన బొగ్గు గని పిల్లలకు ఆయన జీవితం ఎందుకు తెలియాలో చివర చెబుతాం. ముందు ఆయన కథ చదవండి.

బాల్యం, చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవాడు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. పదమూడేళ్ళ వయసులో చదువు మీద మనసు లేక ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. తల్లి వెతికించి వెనక్కి రప్పించింది. మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది.

మెట్రిక్ పరీక్షలో మొదటిసారి తప్పారు. రెండోసారీ తప్పారు. మద్రాసు వెళ్ళి చదివి మూడోసారి గట్టెక్కారు. ఈలోగా 1913లో తండ్రి చనిపోయారు. కొన్నాళ్ళకు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. అలా 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారు చదువుకు సాయం చేశారు.

అవి స్వాతంత్ర్యోద్యమం రోజులు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళేవారు. శస్త్రచికిత్స చెప్పే ఆంగ్ల ఆచార్యుడికి అది నచ్చలేదు. చివరికి మిగతా సబ్జెక్టులు బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా రాలేదు. దాని కంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికిచ్చి పంపారు. ఒక గుడ్డ ముక్క కోసం పట్టా పోగొట్టుకున్నాడని అప్పుడు ఎందరు అనుకున్నారో! ఆ చిన్న పట్టా వల్ల తర్వాత కూడా ఆయన చాలా ఇబ్బందులు పడ్డారు.

ఇంట్లోకి వచ్చిన జబ్బు

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆయుర్వేదంలో ఇలాంటి జబ్బునే సంగ్రహణి అంటారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం తగ్గిపోతుంది. నాలుక ఎర్రగా కాలినట్టు అవుతుంది, నోరంతా పూస్తుంది. మెతుకు నోట్లో పెట్టుకుంటే మంట. ఆకలి ఉన్నా తినలేక మనిషి ఎండిపోతాడు. ఆనాటి ఇంగ్లీషు వైద్యంలో దీనికి సరైన మందు లేదు.

కొన్నాళ్ళకు అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు ఇచ్చిన ఆయుర్వేద మందుతో ఆయన బతికారు. తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. అన్నదమ్ములను చంపిన జబ్బు ఏమిటి, తనను బతికించిన మందులో ఏముంది అనే ప్రశ్న ఆయనను వదలలేదు. ఆ ప్రశ్నే ఆయన్ని సముద్రం దాటించింది.

అమెరికా ప్రయాణం

అమెరికా పోవడానికి చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత ఇచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు మాకు మన హాస్టల్ గుర్తొచ్చింది. మనం తిన్న అన్నం, కప్పుకున్న దుప్పటి, రాసుకున్న నోటు పుస్తకం కూడా పదిమంది పన్నుల డబ్బుతో వచ్చినవే. ఒకరి సాయంతో చదువుకోవడం తక్కువతనం కాదు.

1923 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరారు. అక్కడి ఆసుపత్రుల్లో వైద్యుడిగా పని చేయడానికి ఆయన ఎల్ఎంఎస్ పట్టా పనికిరాలేదు. ఖర్చుల కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్ళేలు ఎత్తి కడిగే పని చేశారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆ పని. ఇంటి దగ్గర భార్య గర్భవతి. కొడుకు పుట్టాడు. ఏడాది తిరగకముందే చనిపోయాడు. కొడుకు ముఖం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. మూడేళ్ళలో తిరిగి వస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. గొప్పవాళ్ళ చరిత్ర రాసేటప్పుడు ఈ మాట చాలామంది వదిలేస్తారు. మేము వదిలేయదలచుకోలేదు. ఆయన సాధించిన దాంట్లో ఆమె పోగొట్టుకున్నది కూడా ఉంది.

భాస్వరం లెక్క

హార్వర్డ్‌లో ప్రొఫెసర్ సైరస్ ఫిస్క్ దగ్గర సుబ్బారావు జీవరసాయన పరిశోధన మొదలుపెట్టారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే సులభమైన పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. దాని పేరు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. మాలిబ్డేట్ అనే రసాయనం, ఆమ్లం కలిపితే భాస్వరం దానితో జతకడుతుంది. ఇంకో రసాయనం చేర్చగానే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. సైన్సు విద్యార్థులు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తారు. ఆ పేరులోని సుబ్బారావు మనవాడేనని చాలామందికి తెలియదు.

దీనికీ పళ్ళకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. పంటి పైన ఉండే ఎనామిల్ పొర కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజమే. తీపి తిన్న తర్వాత నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేసి ఆ పొరను కరిగిస్తాయి. లాలాజలంలోని కాల్షియం, భాస్వరం దాన్ని మళ్ళీ కొంత పూడుస్తాయి. కరగడం ఎక్కువై పూడడం తక్కువైతే పన్ను పుచ్చుతుంది. కాబట్టి ఎముక జబ్బులకే కాదు, పళ్ళను అర్థం చేసుకోవడానికి కూడా భాస్వరం లెక్క కావాలి.

కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, జీవకణాల్లో శక్తికి మూలమైన ఏటీపీని 1929లో ఫిస్క్, సుబ్బారావు వెలికితీశారు. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఆ ప్రయోగశాల గోడలు దాటలేదు. వాటిని తర్వాత ఇంకొకరు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చింది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అయిన సందర్భాలు మన పెద్దల బతుకుల్లోనూ ఉన్నాయి కాబట్టి ఈ బాధ మనకు అర్థమవుతుంది.

నోటి పూతకు మందు దొరికింది

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యారు. మనసులో మాత్రం స్ప్రూ ప్రశ్న అలాగే ఉంది. కాలేయంలో, ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను వేరుచేయడానికి ఎన్నో ఏళ్ళుగా శాస్త్రవేత్తలు కష్టపడుతున్నారు. సుబ్బారావు బృందం 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కిలోల కొద్దీ కాలేయం ఉడకబెట్టినా చిటికెడు దొరకని పదార్థం ఆ తర్వాత కావలసినంత దొరికింది.

స్ప్రూ రోగులకు అది ఇచ్చి చూశారు. నాలుక మంట తగ్గింది, నోటి పూత మానింది, రక్తం పట్టింది, అన్నం తినగలిగారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు సుబ్బారావు ఆ జబ్బుకు జవాబు చెప్పారు. ఈనాడు నోటి పూత, నాలుక మంట ఉందని వెళితే డాక్టరు బి విటమిన్లతో పాటు ఫోలిక్ యాసిడ్ రాయడం మనం చూస్తూనే ఉంటాం. బడుల్లో వారానికోసారి రక్తహీనత రాకుండా ఇచ్చే ఐరన్ గోలీలోనూ అదే ఉంటుంది. ఆ గోలీని కిటికీలోంచి పారేసే తమ్ముళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

బంగారు రంగు మందు

అప్పటికి పెన్సిలిన్ వచ్చింది కానీ అది అన్ని సూక్ష్మజీవుల మీద పనిచేయదు. ఇంకా ఎక్కువ రకాల జీవుల మీద పనిచేసే మందు కోసం లెడర్లీలో సుబ్బారావు వెతుకులాట మొదలుపెట్టించారు. వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ అప్పటికే ఉద్యోగ విరమణ చేసిన వయసు వారు. ఆయన్ని పిలిచి పని అప్పగించారు. ఎక్కడెక్కడి మట్టో తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగులో పెరిగే సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు.

ఆ తర్వాత అదే కుటుంబంలో టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ వచ్చాయి. దంత వైద్యులకు ఇవి రెండు విధాలుగా ఉపయోగపడ్డాయి. ఒకటి, చిగుళ్ళ సందుల్లో చేరిన సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతాయి. రెండు, చిగుళ్ళను, పంటిని పట్టి ఉంచే కణజాలాన్ని తినేసే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. చాలా తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ళ జబ్బుకు వాడడానికి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. కదిలిన పన్ను అనగానే పీకడం తప్ప దారి లేని రోజులు పోయి, పన్నును నిలబెట్టే వైద్యం వచ్చిందంటే ఇలాంటి మందుల పాత్ర కూడా అందులో ఉంది. అయితే మందు ఒక్కటే చాలదు. పళ్ళ మీద పేరుకున్న గారను యంత్రంతో శుభ్రం చేయించిన తర్వాతనే మందు పనిచేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ మందులు కాల్షియంతో అతుక్కుంటాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణీలు టెట్రాసైక్లిన్ వాడితే పిల్లల పళ్ళు పసుపు, గోధుమ రంగుకు మారి జీవితాంతం అలాగే ఉంటాయి. ఈ సంగతి సుబ్బారావు చనిపోయిన తర్వాతే లోకానికి తెలిసింది. కాబట్టి షాపులో అడిగి యాంటీబయోటిక్ కొనుక్కోవడం మానాలి. మేము కొనుక్కున్నాం కాబట్టే చెబుతున్నాం. నొప్పి రెండు రోజులు అణిగింది, పుచ్చు లోపల పెరిగింది. చివరికి నింపితే పోయే పన్నును పీకించుకోవాల్సి వచ్చింది.

క్యాన్సర్ మీద దొంగ తాళంచెవి

కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణాలు విపరీతంగా పెరుగుతాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ కావాలి. అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి పని మాత్రం చేయని పదార్థం ఇస్తే ఏమవుతుంది? తాళంలో దొంగ తాళంచెవి ఇరుక్కున్నట్టు అవుతుంది. తాళం తెరుచుకోదు, అసలు తాళంచెవికి చోటుండదు. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. దాని తమ్ముడి లాంటి మందే మెథోట్రెక్సేట్.

మెథోట్రెక్సేట్‌ను తల, మెడ, నోటి క్యాన్సర్లకు కూడా వాడతారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు పూర్తిగా నయం చేయలేని దశలో ఉన్న తల, మెడ క్యాన్సర్ రోగుల మీద ఒక పరీక్ష జరిపి 2020లో ఫలితాలు ప్రకటించారు. ఖరీదైన సెలైన్ చికిత్స తీసుకున్న వారి కంటే, తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌తో ఇంకో గోలీ కలిపి ఇంటి దగ్గరే వాడిన వారు కొంత ఎక్కువ కాలం బతికారు. ఇబ్బందులు కూడా తక్కువ. డెబ్బై ఏళ్ళ కిందటి మందు ఈనాటి పేదవాడికి ఇలా అక్కరకొచ్చింది.

చివరి రోజులు

బోదకాలు మందు డీఈసీ కూడా సుబ్బారావు బృందం నుంచే 1947లో వచ్చింది. ఇంటింటికీ తిరిగి మింగించే గోలీ అదే. ఇన్ని చేసినా ఆయన ముందుకు వచ్చి పేరు చెప్పుకోలేదు. విలేకరుల సమావేశాల్లో తోటి శాస్త్రవేత్తలను మాట్లాడనిచ్చి తాను వెనుక ఉండేవారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. ఆరియోమైసిన్ ప్రకటించి అప్పటికి కొన్ని వారాలే అయింది. నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మన గోదావరిఖనికి ఈ కథ ఎందుకు

బొగ్గు బావిలో మీథేన్ గ్యాస్ ఉంటుంది. నిప్పు రవ్వ చాలు, ప్రమాదం జరుగుతుంది. అందుకే బావిలోకి బీడీ, చుట్ట, అగ్గిపెట్టె తీసుకుపోవడం నిషేధం. మంచి నియమమే. కానీ దాని వల్ల ఇంకో అలవాటు వచ్చింది. ఎనిమిది గంటల షిఫ్టులో పొగ తాగలేరు కాబట్టి మన నాన్నలు, బాబాయిలు బుగ్గన తంబాకు, అంబర్ పెట్టుకుంటారు. దుమ్ములో నోరు ఎండిపోకుండా ఉంటుందని, నిద్ర రాదని చెబుతారు. వాళ్ళను చూసి పిల్లలు గుట్కా ప్యాకెట్లు చించుతున్నారు. నిషేధం వచ్చినా దొరుకుతూనే ఉన్నాయి.

మా బ్యాచ్‌లోని ఒక స్నేహితుడి నాన్నకు బుగ్గ లోపల తెల్లమచ్చ వచ్చింది. నొప్పి లేదు కదా అని ఏడాది ఎవరికీ చూపించలేదు. పుండు పడి, దవడ వాచి, అన్నం మింగలేని రోజున ఆసుపత్రికి తీసుకుపోయాం. అప్పటికి ఆలస్యమైంది. ఆయనకిచ్చిన గోలీల్లో ఒకదాని పేరు మెథోట్రెక్సేట్. ఆ గోలీ ఆయన్ని కొన్ని నెలలు మాతో ఉంచింది, బతికించలేకపోయింది. అదే తెల్లమచ్చను మొదట్లో చూపించి ఉంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేసేవారు, అక్కడే ఆపేవారు. తప్పు మందుది కాదు, ఆయనదీ కాదు. అడిగి చూడని మాది కూడా అనిపిస్తుంది.

కాబట్టి ఈ పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. నాన్నను వెలుగులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకుంటున్నదో లేదో చూడండి. బుగ్గల లోపల, నాలుక పక్కల, నాలుక కింద తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే దంత వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. పెద్ద వైద్యం కావలసి వస్తే హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇప్పుడు పంటి లోపలి పుచ్చును చూపించే ఎక్స్‌రే ఉంది, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే సూది ఉంది, పన్ను పీకకుండా నరం శుభ్రం చేసే వైద్యం ఉంది. ఇన్ని ఉన్నా నోరు తెరిచి చూపించే పని మాత్రం మనదే.

సుబ్బారావు గారికి పేదరికం అడ్డు వచ్చింది, పరీక్షలు అడ్డు వచ్చాయి, పరాయి పాలన అడ్డు వచ్చింది. కులం మాత్రం అడ్డు రాలేదు. మన తాతలకు అది కూడా అడ్డు వచ్చింది. బడి గడప తొక్కనివ్వని రోజులు దాటి మనం ఈ హాస్టల్ దాకా వచ్చాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. కాబట్టి ఒక పరీక్ష తప్పగానే బావిలో కాంట్రాక్టు పనికి పోదామనుకునే తమ్ముళ్ళకు మేము చెప్పేది ఒకటే. రెండుసార్లు తప్పిన మనిషి మూడోసారి రాయకపోయి ఉంటే ఆ మందులకు ఇంకెన్నాళ్ళు పట్టేదో ఎవరూ చెప్పలేరు. మీరు కూడా మళ్ళీ ఫీజు కట్టండి. రామగుండంలో ఇప్పుడు వైద్య కళాశాల కూడా ఉంది. మన హాస్టల్ నుంచి ఒక తమ్ముడు తెల్లకోటు వేసుకుని అందులోకి నడిచే రోజు కోసం మేము ఎదురుచూస్తాం. ఆనాడు ఆ డాక్టరు మొదట చూడవలసిన నోరు తన నాన్నదే కావాలి.